అన్న పోయని గంజి

కొత్తవాడ, వరంగల్
2 ఫిబ్రవరి 2024

చెల్లె సంధ్యకు,

ఫోన్ చేద్దామని పొద్దటి నుంచి నాలుగుసార్లు నీ నంబర్ నొక్కి కట్ చేశాను. నోటితో మాట్లాడితే ఏమంటానో నాకే తెలియదు. కాగితం మీదయితే రాసింది కొట్టేసుకోవచ్చు. ఇది మూడో కాగితం.

మొన్న ఆదివారం ఇందు నర్సింగ్ కాలేజీ హాస్టల్ నుంచి ఇంటికి వచ్చింది. ఎప్పుడూ గడపలో నుంచే వాళ్ళమ్మను కేకేసే పిల్ల, ఆ రోజు చెప్పులు కూడా విడవకుండా నా మగ్గం దగ్గరికి వచ్చి నిలబడింది. జంపఖానా సగం నేసి ఉన్నాను. ఫోన్ తీసి నా ముందు పెట్టింది. అందులో నువ్వు. తెల్లచీర, చేతిలో మైకు, వెనక రంగు లైట్లు. ఎడమచేతి కొంగు పైకి జరిపి ఆ మచ్చ జనానికి చూపిస్తున్నావు. "కొత్తవాడల మగ్గం నేసే నా సొంత అన్న, నేను ప్రభువును నమ్ముకున్ననని మసిలే గంజి తెచ్చి ఈ చేతి మీద పోసిండు. ఆ అన్నను నేను మాఫ్ చేసిన" అంటున్నావు. జనం ఏడుస్తున్నారు. నువ్వూ ఏడుస్తున్నావు.

నాకు మొదట అర్థం కాలేదు. ఇంకో అన్న ఎవరి గురించో చెబుతున్నావనుకున్నాను. మనకు ఇంకో అన్న లేడని కాసేపటికి గుర్తొచ్చింది.

ఇందు నా చేతుల వైపు చూసింది. నా అరచేతుల సంగతి నీకు తెలుసు. తోలు బిగుసుకుపోయి వేళ్ళు పూర్తిగా చాపుకోవు. చిన్నప్పుడు గంజి పడ్డదని మాత్రమే దానికి చెబుతూ వచ్చాను, అంతకన్నా చెప్పడానికి ఏముందనుకున్నాను. అది నెమ్మదిగా అడిగింది, "బాపూ, పోస్తాంటే నీ చేతుల మీద గూడ పడ్డదా?"

నోరు తెరిచాను. మాట రాలేదు. ఆ మాట రాకపోవడాన్నే అది జవాబు అనుకుంది. సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయింది.

లక్షా ఎనభై వేల మంది చూశారట ఆ వీడియో. మీ వదిన వినోద చెప్పింది.

మొన్న శ్రావణంలో వచ్చి మా ఇంట్లో అన్నం తిన్నావు. పోయేటప్పుడు నా చెయ్యి పట్టుకుని "పైలం అన్నా" అన్నావు. ఒక్కటే అడుగుతున్నాను. నేను ఎప్పుడు పోశాను?

పండరి


మరిపెడ
10 ఫిబ్రవరి 2024

ప్రియమైన అన్నకు ప్రభువు నామంలో వందనాలు.

నీ ఉత్తరం చేరింది. నీ మనసు నొచ్చుకున్నందుకు నాకూ బాధగా ఉంది. ఆ వీడియో నేను పెట్టింది కాదన్నా, సభ జరిపిన వాళ్ళు పెట్టారు. అందులో నీ పేరు నేను ఎక్కడా అనలేదు, కావాలంటే మళ్ళీ చూడు.

సాక్ష్యం అంటే పోలీస్‌స్టేషన్‌లో రాయించే స్టేట్‌మెంట్ లాంటిది కాదు. వేలమంది ముందు నిలబడి మాట్లాడేటప్పుడు మాటలు కొంచెం అటూ ఇటూ అవుతాయి. దేవుడు ఆ మాటలనే వాడుకుంటాడు. నా సాక్ష్యం విని తాగుడు మానేసిన వాళ్ళున్నారు. మరిపెడలోనే ఒకాయన ఇరవై ఏళ్ళ తర్వాత తన తమ్ముడి ఇంటికి పోయి కలిసి భోజనం చేశాడు. దాని విలువ నీకు అర్థమైతే ఇంత బాధపడవు.

చిన్నప్పటి సంగతులు నాకు సరిగా గుర్తు లేవు. అప్పుడు నాకు పదకొండేళ్ళు. మీ బావ విజయ్‌కుమార్ పోయిన తర్వాత నాకీ సేవ తప్ప వేరే ఏమీ మిగలలేదని నీకు తెలుసు. మన ఇందుకు నేను ఫోన్ చేసి సర్ది చెబుతాను. ఈ విషయాన్ని పెద్దది చెయ్యకు. వదినను అడిగానని చెప్పు.

నీ కోసం ప్రార్థించే
సంధ్యారాణి


కొత్తవాడ
17 ఫిబ్రవరి 2024

సంధ్యా,

గుర్తు లేదని రాశావు. నాకు గుర్తుంది కాబట్టి రాస్తున్నాను.

అమ్మ ఇంటి వెనక రాళ్ళ పొయ్యి మీద నూలుకు పెట్టే గంజి కాస్తున్నది. నూలు కట్టలు తేవడానికి లోపలికి పోయింది. నాకు పదిహేనేళ్ళు, జామచెట్టు కింద నూలు కండెలు చుడుతున్నాను. నువ్వు పిల్లికూన వెంట ఉరుకుతూ వచ్చావు. పొయ్యి రాయికి కాలు తగిలింది. నువ్వు పడ్డావు, గంజి గుండిగ నీ వైపు ఒరిగింది. ముందు వచ్చిన గంజి నీ ఎడమచేతి మీద పడింది. మిగిలిందంతా నీ మొహం మీదికి వస్తున్నది. నేను ఆ గుండిగను రెండు చేతులతో పట్టి అవతలికి తోశాను. ఆ చేతులతోనే నిన్ను ఎత్తుకుని దవాఖానకు ఉరికాను. నా అరచేతుల తోలు నీ గౌనుకు అంటుకుని వచ్చిందని అమ్మ తర్వాత చెప్పింది. ఆరు నెలలు మగ్గం మీద నాడె పట్టుకోలేకపోయాను.

ఇదంతా జరిగిన పదకొండేళ్ళకు నువ్వు బాప్తిస్మం తీసుకున్నావు. అప్పుడు ఎవరు ఏమన్నారో అది కూడా రాస్తాను. నాన్న వద్దన్నాడు. నేను "దాని మనసు దానిది నాయినా" అన్నాను. నా సైకిల్ మీద నిన్ను చెరువు దాకా తీసుకుపోయింది నేను. నువ్వు నీళ్ళలో నుంచి బయటికి వచ్చేదాకా నీ పొడిబట్టలు పట్టుకుని గట్టు మీద నిలబడ్డది నేను. మీ దేవుడి సంగతి నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. నువ్వు చలికి వణుకుతున్నావని తెలుసు, అంతే.

ఇంతవరకు నీకు నిజంగా గుర్తు లేదేమో అని కొంచెం ఆశ ఉండేది. మొన్న మన ఇందుకు ఫోన్ చేసి నువ్వు ఏమన్నావో వినోద చెప్పింది. "మీ బాపు అప్పుడు చిన్నోడు బిడ్డా, ఆవేశంల చేసిండు. నేనెప్పుడో మాఫ్ చేసిన, నువ్వు గూడ చెయ్యి" అన్నావట.

వినగానే మగ్గం ఆపేశాను. స్టేజీ మీద జనాన్ని చూసి నోరు జారిందనుకోవచ్చు. నా బిడ్డతో ఒంటరిగా మాట్లాడేటప్పుడు నీ ముందు ఏ జనం ఉన్నారు?

ఇందు ఇక ఆదివారాలు ఇంటికి రానంటున్నది.

నీ దేవుడు ఎంతో గొప్పవాడంటావు. అంత గొప్పవాడికి నా మీద ఒక అబద్ధం ఎందుకు కావాల్సి వచ్చిందో నువ్వే చెప్పు.

పండరి


మరిపెడ
1 మార్చి 2024

అన్నా,

నీ ఉత్తరం వచ్చి తొమ్మిది రోజులైంది. జవాబుగా కోపంగా ఒకటి రాసి పెట్టాను. అది పోస్టు చెయ్యకముందే ఒకటి జరిగింది. ఆ కాగితం చింపేసి ఇది రాస్తున్నాను. అక్షరాలు అర్థం కాకపోతే వదినతో చదివించుకో.

నాకు అంతా గుర్తుంది. పిల్లికూన రంగు కూడా గుర్తుంది. నువ్వు పట్టుకున్న పొడిబట్టలు పచ్చ లంగా, అమ్మ పాత జాకెట్టు. గుర్తు లేదని రాసింది అబద్ధం. ఇందుతో చెప్పింది అబద్ధం.

ఎట్లా మొదలైందో చెబుతాను. సాకు కోసం కాదు. 2006లో ఒక సభకు పోయాం. బయటి ఊరి నుంచి వచ్చిన ప్రసంగీకుడు స్టేజీ పక్కన నా చెయ్యి చూసి, "ఇదేందమ్మా?" అని అడిగాడు. "మా ఇంట్ల గంజి పడ్డదయ్యా, మా అన్న" అన్నాను. మా అన్నే కాపాడాడని చెప్పబోతున్నాను. ఆయన చివరిదాకా వినలేదు. నన్ను స్టేజీ మీదికి తీసుకుపోయి చెయ్యి పైకెత్తి, ప్రభువు కోసం ఈ చెల్లెలు తన సొంత అన్న చేతిలో కాలిపోయిందన్నాడు. వెయ్యిమంది ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. అన్నా, అంతకుముందు నన్ను ఎవరూ అట్లా చూడలేదు. నేను ఉత్త టీచరు భార్యను, చాపలు పరిచి గిన్నెలు కడిగేదాన్ని. నోరు తెరిచి కాదని ఉంటే అక్కడితో అయిపోయేది. నేను తెరవలేదు. తర్వాతి సభలో వాళ్ళే చెప్పమన్నారు. ఆ రోజు నా నోటితో నేనే చెప్పాను. పద్దెనిమిదేళ్ళు చెప్పాను. చెప్పీ చెప్పీ ఒక్కోసారి నువ్వు గుండిగ ఎత్తుతున్నట్టు నాకు కళ్ళ ముందు కనబడేది కూడా.

ఇప్పుడు జరిగింది రాయాలి.

పోయిన డిసెంబరులో కేసముద్రం దగ్గర ఒక పల్లెలో సభ జరిగింది. అయిపోయాక ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. పేరు యమున, ఇరవై ఆరేళ్ళు. భుజం మీద కాలిన మచ్చ చూపించింది. మొగుడు వేడినీళ్ళు పోశాడట. అప్పటి నుంచి తల్లి దగ్గర ఉంటున్నది. "నిజంగనే మీ అన్నను మాఫ్ చేసినవా అక్కా?" అని అడిగింది. "చేసిన బిడ్డా" అన్నాను. "మరి నేను గూడ చేసి పోవాల్నా?" అన్నది. నా వెనక కారు హారన్ కొడుతున్నారు. నేను దాని తల మీద చెయ్యి పెట్టి, "మాఫ్ చేసి నీ ఇంటికి నువ్వు పో. దేవుడు చూసుకుంటడు" అన్నాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

అది మొగుడి దగ్గరికి తిరిగి పోయింది. ఫిబ్రవరి ఇరవైన వాడు మసిలే నూనె పోశాడు. మెడ, రొమ్ము, కుడిచెయ్యి. వరంగల్ పెద్ద దవాఖానలో ఉంది. వాళ్ళ ఊరి పూలమ్మ మా సంఘానికి వస్తుంది, నిన్న ఆమె చెప్పింది. "నీ మాట పట్టుకునే పోయిందట సంధ్యమ్మా. 'మసిలే గంజి పోసిన అన్ననే ఆమె మాఫ్ చేసింది, నాదెంత' అన్నదట వాళ్ళమ్మతోటి."

నాకు ఆ అమ్మాయి మొహం కూడా గుర్తు రాలేదు. నిన్నటి నుంచి కూర్చుని గుర్తు చేసుకుంటున్నాను. హారన్ గుర్తొస్తున్నది, మొహం రావడం లేదు.

నా దేవుడికి నీ మీద అబద్ధం ఎందుకు కావాల్సి వచ్చిందని అడిగావు. ఆయనకు నీ మీద అబద్ధం అవసరం లేదు. నాకు అవసరమైంది.

సంధ్య


కొత్తవాడ
6 మార్చి 2024

సంధ్యా,

నీ ఉత్తరం చదివాను. నా ఇల్లొక్కటే పాడైందనుకున్నాను. ఆ అబద్ధం ఇంకో ఇంటికి పోయి ఇంకో ఆడపిల్లను కాల్చిందని ఎట్లా అనుకుంటాను. వినోద సగం చదివి మిగతాది నా చేతిలో పెట్టి బయటికి పోయింది.

నీకొకటి చెప్పాలి. నాలుగు రోజుల కింద ఇద్దరు మనుషులు మా ఇంటికి వచ్చారు. వీడియో చూశారట. "మీ చెల్లె మీద, వాళ్ళ సంఘం మీద కేసు పెట్టు పండరన్నా. మేం నీ ఎనుక ఉంటం. టీవీలోల్లను గూడ పిలుస్తం" అన్నారు. వాళ్ళకు నా పరువు మీద ప్రేమ లేదు, వాళ్ళ లెక్కలు వాళ్ళకున్నాయి. "అది నా చెల్లె. మా ఇంటి సంగతి మేం చూసుకుంటం" అని చాయ కూడా పొయ్యకుండా పంపించాను. తలుపు వేసుకున్నాక నా మీద నాకే కోపం వచ్చింది. నిన్నెందుకు కాపాడినట్టు? ఇంకా తెలియడం లేదు.

నిన్ను ఓదార్చే మాటలు నా దగ్గర లేవు. ఉన్నా ఇప్పుడు రాయను. నాకు ఉత్తరాలు రాస్తూ అక్కడ కూర్చోకు. ఆ పిల్ల దగ్గరికి పో. ఆ పిల్లకు నిజం చెప్పు. మైకు పట్టుకుని చెప్పిన దాన్ని మైకు పట్టుకునే సరిచెయ్యి.

పండరి


వరంగల్, దవాఖాన ఎదురుగా ఉన్న చాయ హోటల్
20 మార్చి 2024

అన్నా,

పదో తారీఖు ఆదివారం ఆరాధనలో చెప్పాను. ముందురోజు మా పాస్టరు శ్యాంసుందర్ గారికి విషయం చెబితే ఆయన తల పట్టుకున్నాడు. మంచివాడే, భయపడ్డాడు. "దేవుని ముందు ఒప్పుకున్నవ్ గదా అక్కా, సాలు. అందరి ముందట ఎందుకు? సంఘం పేరు ఏమైతది?" అన్నాడు. అన్న పేరు ఏమైందని నేను అడిగాను.

మైకు ముందు నిలబడ్డాను. పద్దెనిమిదేళ్ళు తడబడని నాలుక ఆ రోజు నాలుగు మాటలకు నాలుగుసార్లు ఆగింది. మా అన్న గంజి పోయలేదు, మా అన్న నన్ను కాపాడాడు, నేను అబద్ధం చెప్పాను, ఆ అబద్ధం నమ్మి ఒక అమ్మాయి కాలిపోయింది. ఇంతే చెప్పాను. ఏడవకూడదనుకున్నాను, ఏడవలేదు. నా ఏడుపును అక్కడ ఎవరు నమ్మాలి?

ఎవరూ అరవలేదు. అరిచినా బాగుండేది. ముందు వరసలో వాళ్ళు ఒక్కొక్కరే లేచి చెప్పులు వేసుకుని పోయారు. మొగిలమ్మ అని ఒక ముసలామె ఉంది, నా సాక్ష్యం విన్న ప్రతిసారీ కొంగు తడిసేలా ఏడ్చేది. పోతూ పోతూ నా దగ్గర ఆగింది. "ఇన్నేండ్ల సంది నీ మాటలకు ఏడ్సిన బిడ్డా. ఆ ఏడుపంత ఎటు పోయినట్టు?" అన్నది. ఆమెకు కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది.

ఇక మీద నేను ఎక్కడా మాట్లాడకూడదని పెద్దలు తీర్మానం చేశారు. సరేనన్నాను. అదే మాటలు ఫోన్‌లో వీడియో తీయించి పెట్టాను. ఇప్పటికి మూడు వందల పన్నెండు మంది చూశారు.

పదకొండున వరంగల్ వచ్చాను. వార్డులోకి పోగానే యమున తల్లి కట్టమ్మ నన్ను గుర్తుపట్టింది. నేను నిజం చెప్పేదాకా ఆగింది, చెప్పాక లేచింది. "నా బిడ్డను సంపుదామనే అచ్చినవా? లేచి పో ఈడికెల్లి" అన్నది. పోయాను. ఎక్కడికి పోవాలో తెలియక వార్డు మెట్ల మీద కూర్చున్నాను. మూడు రోజులు పొద్దున వచ్చి సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను. ప్రార్థన చేద్దామంటే రాలేదన్నా. కళ్ళు మూసుకుంటే నా సభల్లో నేను చేసే ప్రార్థనే, అదే గొంతుతో, లోపల మొదలయ్యేది. అసహ్యమేసి కళ్ళు తెరిచేదాన్ని.

నాలుగో రోజు కట్టమ్మ బయటికి వచ్చింది. ఆమె కూడా ఎవరూ లేని మనిషి. నా వైపు చూడకుండా, "జర నా బిడ్డ కాడ కూసో. తానం చేసి అత్త" అన్నది.

యమున మెలకువగానే ఉంది. మొదటి రోజు నేను వాళ్ళమ్మతో చెప్పిందంతా విన్నదట. "నువ్వు చెప్పింది అబద్ధమా?" అని అడిగింది. అబద్ధమన్నాను. "మీ అన్న మంచోడేనా?" మంచోడే అన్నాను. "గట్లనా" అని మొహం అటు తిప్పుకుంది. మెడ తిప్పడానికి దానికి ఎంత నొప్పో చూశాను. నేను అక్కడే నిలబడ్డాను. తర్వాత అటు తిరిగే అన్నది, "జర నీళ్ళు తాపు."

తాపాను. అప్పటి నుంచి రోజూ పోతున్నాను. క్షమించమని నేను అడగలేదు, అది క్షమించానని అనలేదు.

మన ఇందుకు కూడా నిజమంతా రాసి హాస్టల్‌కు పోస్టు చేశాను.

సంధ్య


కొత్తవాడ
8 ఏప్రిల్ 2024

సంధ్యా,

ఇందు వచ్చింది. నీ ఉత్తరం చేతిలో పట్టుకునే వచ్చింది. మూడో రోజు నేను అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని, "ఆ రోజు ఏం జరిగిందో నువ్వు చెప్పు బాపూ. నీ నోటితోటి చెప్పు" అన్నది. చెప్పాను. అయిపోయేదాకా కదలకుండా విన్నది. "నేను ఎట్ల నమ్మిన బాపూ? నువ్వు గట్ల చేస్తవని నేను ఎట్ల నమ్మిన?" అని ఒకటే అనుకుంటూ ఏడ్చింది. అది ఏడుస్తుంటే నాకు నీ మీద కోపం మళ్ళీ మొదటికి వచ్చింది. తన తండ్రిని నమ్మలేకపోయానన్న బాధ ఆ పిల్లకు ఇప్పుడు ఎప్పటికీ ఉంటుంది. అది నువ్వు పెట్టిందే.

నేను దవాఖానకు రెండుసార్లు వచ్చాను. నీకు తెలియదు. వార్డు తలుపు దాకా వచ్చి వెనక్కి పోయాను. మొదటిసారి నువ్వు ఆ పిల్లకు జావ తాపుతున్నావు. చెంచాతో పెదవి అంచున పోసి, అది మింగేదాకా ఆగి, మళ్ళీ పోస్తున్నావు. రెండోసారి పక్క మంచం మీది ముసలామె దుప్పటి మారుస్తున్నావు. నిన్ను చాలా ఏళ్ళుగా చూస్తున్నాను కానీ, ఎవరూ చూడనప్పుడు నువ్వు ఎట్లా ఉంటావో ఈ మధ్య నాకు తెలియదు. అది చూశాను. లోపలికి రావాలనిపించలేదు. అబద్ధం ఎందుకు, రాలేకపోయాను.

ఆ పిల్ల బతుకుతుందా?

పండరి


వరంగల్
23 జూన్ 2024

అన్నా,

బతికింది. మే నెలాఖరున డిశ్చార్జ్ చేశారు. తొడ తోలు తీసి మెడకు అతికారు. కుడిచేతి వేళ్ళు ఇంకా ముడుచుకోవు, వ్యాయామాలు చేయిస్తున్నాం. దవాఖానకు దగ్గరలో ఒక గది తీసుకున్నాను. యమున, కట్టమ్మ, నేను అందులోనే ఉంటున్నాం. మీ బావ పెన్షన్ మా ముగ్గురికీ సరిపోతున్నది.

ఏప్రిల్‌లో యమున స్టేట్‌మెంట్ ఇచ్చింది. మేజిస్ట్రేటు గారు మంచం పక్కనే కూర్చుని రాసుకున్నారు. ఊరి నుంచి మొగుడి తరఫు వాళ్ళు నలుగురు వచ్చి, "మాఫ్ చెయ్యి బిడ్డా, తప్పయింది" అని బతిమాలారు. యమున నా వైపు చూసింది. నేను వాళ్ళ ముందే చెప్పాను, "మాఫ్ చేసుడు నీ మనసు సంగతి, దానికి తొందర లేదు. ఆ ఇంటికి తిరిగి పోవుడు వేరే సంగతి. అది వద్దు." డిసెంబరులో చెప్పాల్సిన మాట అది. వాడు ఇప్పుడు జైల్లో ఉన్నాడు.

దవాఖానలో ఉండగానే ఒకరోజు దాని చేతికి మందు రాస్తుంటే అడిగింది, "అక్కా, నీ దేవుడు నిన్ను మాఫ్ చేసిండా?" తెలియదన్నాను. "మరి రోజు ఎందుకు అస్తవు?" అన్నది. "నువ్వు నీళ్ళడుగుతవు గదా" అన్నాను. అది కొంచెం నవ్వింది. అతికిన తోలు లాగి వెంటనే మూలిగింది.

ఆ మధ్యాహ్నం దాని గాయాలకు కట్టే బట్టలు ఉతికి మేడ మీద ఆరేస్తున్నాను. మండే ఎండ. ఒక్కసారిగా చేతులు ఆగిపోయాయి. ఎన్నో వారాలుగా నేను ప్రార్థన రావడం లేదని బాధపడుతున్నాను. కానీ ఆ ఉతికే బట్టల దగ్గర, ఆ జావ గిన్నె దగ్గర, ఆయన నాతోనే ఉన్నాడని తెలిసింది. నేను శుభ్రమయ్యాక వస్తాడని ఎదురుచూశాను అన్నా. ఆయన ఆ మెట్ల మీద కూడా నా పక్కనే కూర్చుని ఉన్నాడు. నాకు మాటలు లేకపోవడం వల్ల ఆయనకు ఏమీ తక్కువ కాలేదు. ఇది ఇంతకన్నా బాగా చెప్పలేను. ఇన్నాళ్ళూ బాగా చెప్పడమే నాకు శత్రువైంది.

ఇప్పుడు కూడా రోజూ ఆ కాలిన వాళ్ళ వార్డుకు పోతాను. ఈ మూడు నెలల్లో తెలిసింది ఏమిటంటే, స్టవ్వు పేలిందని రాయించుకున్న ఆడవాళ్ళలో చాలామందికి స్టవ్వు పేలలేదు. వాళ్ళ పక్కన కూర్చుంటాను. చెప్పమని అడగను. చెబితే వింటాను, పోలీసుల దగ్గరికి పోతానంటే తోడు పోతాను. ఇప్పటికి ఐదుగురితో పోయాను. ప్రార్థన చెయ్యమని అడిగిన వాళ్ళకు చేస్తాను, చాలా చిన్నది. అడగని వాళ్ళకు తల దువ్వుతాను.

పోయిన వారం శ్యాంసుందర్ గారు వచ్చారు. పెద్దలు మెత్తబడ్డారట. అక్టోబరు సభల్లో నన్ను మాట్లాడమన్నారు. "పడి లేచిన సాక్ష్యం అక్కా. దీనికి జనం మస్తు అస్తరు" అన్నాడు. నా తప్పు కూడా, యమున కాలిన ఒళ్ళు కూడా మళ్ళీ ఒక స్టేజీకి పనికొస్తుందని నేను అనుకోలేదు. ఇంకా భయమేమిటంటే, ఒక్క క్షణం నా లోపల ఏదో లేచి నిలబడింది, ఆ లైట్లు గుర్తొచ్చాయి. వద్దన్నాను. ఆయనకు చాయ పోసి, మొగిలమ్మకు మోకాళ్ళ నొప్పులు ఎట్లా ఉన్నాయని అడిగాను.

నీ దగ్గర నేను ఏమీ అడగడం లేదు. వీధిలో నీకు ఇంకా ఏం ఎదురవుతుందో నాకు తెలుసు. ఆ పాత వీడియో తీసెయ్యమని సభవాళ్ళకు నాలుగుసార్లు రాశాను, పోయిన నెల తీసేశారు. కానీ ఎవరెవరి ఫోన్లలో ఉందో.

సంధ్య


కొత్తవాడ
30 జూన్ 2024

సంధ్యా,

నీ ఉత్తరం వినోద పైకి చదివింది. ఇందు కూడా విన్నది. ఆ పిల్ల వేళ్ళకు మెత్తటి రబ్బరు బంతితో చేసే వ్యాయామం ఒకటి ఉందట, వచ్చి నేర్పిస్తానంటున్నది. దానికి నీతో మాట్లాడాలని లేదు, యమునతో మాట్లాడాలని ఉందట. అట్లనే చెప్పమన్నది, చెబుతున్నాను.

నా సంగతి. నాకు కోపం పోలేదు. పోయిందని రాస్తే అది అబద్ధం. మొన్న చేనేత సొసైటీ ఆఫీసు ముందు ఇద్దరు నన్ను చూసి ఏదో అనుకున్నారు. వాళ్ళు నూలు ధర గురించే మాట్లాడుకున్నారేమో. కానీ ఆ రోజంతా పోగులు తెగుతూనే ఉన్నాయి. ఇట్లా ఇంకా ఎన్నాళ్ళుంటుందో నాకు తెలియదు.

నువ్వు ఇంటికి వస్తానని అడగవు. నాకు తెలుసు. వినోద మాత్రం నన్ను అడిగింది, "కోపం పోయినంక పిలుస్తవా?" అని. అవునన్నాను. "ఎప్పుడు పోతది?" అన్నది. రెండు రోజులు మగ్గం మీద కూర్చుని అదే ఆలోచించాను. నాకు నలభై తొమ్మిది. మన నాయినకు తన తమ్ముడి మీద కోపం పోయే సరికి ఆ తమ్ముడు లేడు.

వచ్చే ఆదివారం మీ ఆరాధన అయిపోయాక రా. యమునను, కట్టమ్మను కూడా తీసుకురా. ఆ పిల్ల ఆటోలో కుదుపులకు ఓర్చుకోలేకపోతే చెప్పు, నేనే ఎవరిదైనా కారు అడుగుతాను. వినోద చింతచిగురు పప్పు, గుడ్ల కూర చేస్తానంటున్నది. నేను ఎక్కువ మాట్లాడకపోవచ్చు. మధ్యలో లేచి పోవచ్చు కూడా. అది చూసి నువ్వు లేవకు. తింటూ ఉండు.

కోపం పోయాక రమ్మంటే అది ఎప్పటి మాటో. కోపం ఉండగానే రా.

అన్న
పండరి